తొమ్మిదో నంబరు కిటికీ

కొచ్చెర్ల పరబ్రహ్మంగారు నాస్తికులు. ఆ పేరు పెట్టింది తల్లిదండ్రులనీ, అందులో తన ప్రమేయమేమీ లేదనీ ఆయన ప్రతి సభలోనూ మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేసేవారు. రేవుమెరక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ముప్పై నాలుగేళ్లు రసాయనశాస్త్రం బోధించి, పదవీ విరమణ తర్వాత ఆ ఊరి శాస్త్రీయ దృక్పథ ప్రచార సంఘానికి అధ్యక్షులయ్యారు. సంఘంలో సభ్యులు పదకొండుగురు. సమావేశాలకు వచ్చేది నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు ఆయన భార్య సుభద్రమ్మగారి కాఫీ కోసం వచ్చేవారు. వారిని కూడా ఆయన శాస్త్రీయ దృక్పథం కలవారిగానే లెక్కవేసుకునేవారు. ఆ కాఫీ బాగుంటుందన్నది పలుమార్లు పరీక్షించి నిర్ధారించుకున్న విషయం మరి.

ఆ ఏడు చలి ముందుగా వచ్చింది. దానితోపాటే ఫ్లూ కూడా వచ్చి ఊళ్లోని పిల్లలందరినీ వరసగా పలకరించడం మొదలుపెట్టింది. పరబ్రహ్మంగారి మనవరాలు తారకకు నాలుగేళ్లు. తల్లీ తండ్రీ ఉద్యోగాలకు వెళ్తారు కనుక పగలంతా తాతగారి దగ్గరే పెరిగేది. ఆ పిల్లకు ముక్కు కారి, ఒళ్లు వెచ్చబడితే సుభద్రమ్మగారు ఒక డాక్టరుకు చూపించి ఏడు మందులతో తిరిగి వచ్చారు.

పరబ్రహ్మంగారు ఆ ఏడింటినీ భోజనాల బల్లమీద వరసగా నిలబెట్టి, భూతద్దంతో ఒక్కొక్కదాని చీటీ చదివారు. ఒకటి జ్వరానికి, దానితో ఆయనకు పేచీ లేదు. రెండోది బాక్టీరియాను చంపేది. పిల్లకు వచ్చింది వైరస్, దానికి ఈ మందు పుట్టిందన్న సంగతి కూడా తెలియదు. మూడోది దగ్గును ఆపేది, నాలుగోది కఫాన్ని దగ్గించి బయటికి తెచ్చేది; రెండూ ఒకే చెంచాతో ఒకే వేళకు పోయాలి. ఐదోది మగతగా ఉంచేది, ఆరోది మిగిలిన ఐదూ కడుపులో చేసే అల్లరిని సర్దిచెప్పేది. ఏడోది ఎందుకో ఎంత చదివినా అంతుపట్టలేదు. ఆయన మొదటిది ఉంచి తక్కినవన్నీ పారబోశారు. తారక గోరువెచ్చని నీళ్లు తాగి, ఇడ్లీలు తిని ఆరు రోజుల్లో లేచి, రోజుకు అరవై సార్లు "ఎందుకు?" అని అడిగే తన మామూలు స్థితికి వచ్చేసింది. అరవై అన్నది ఉజ్జాయింపు కాదు. ఆయన మూడు రోజులు లెక్కపెట్టి సగటు తీశారు.

ఇక ఊరుకోలేక జిల్లా శిశు ఆరోగ్య సమన్వయాధికారిగారికి తొమ్మిది పేజీల లేఖ రాశారు. ఆధారం లేకుండా పిల్లలకు మందు ఇవ్వరాదన్నది దాని సారాంశం. ఆ మాట సత్యం. దుర్ఘటనలన్నీ దానితోనే మొదలయ్యాయి.

ఆ అధికారి డాక్టర్ రాచకొండ జలంధరరావుగారు వారం తిరక్కుండా స్వయంగా ఇంటికి వచ్చారు. లేఖలో రెండో పేజీ దాకా చదివి, అక్కడున్న "ఆధారం" అన్న మాటకు ముగ్ధులైపోయారట.

"మాస్టారూ, తమరి లేఖ మా కార్యాలయంలో ఒక ఆలోచనాత్మక వాతావరణాన్ని సృష్టించింది. క్షేత్రస్థాయిలో ఆధారసహిత ఔషధ వితరణ జరిగేలా తమరు దిశానిర్దేశం గావించాలి," అన్నారాయన సుభద్రమ్మగారి కాఫీ అందుకుంటూ.

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలోనూ, ఆ తర్వాతా ఎవరూ పరబ్రహ్మంగారిని దిశానిర్దేశం చేయమని అడగలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. అది కాఫీ ఆవిరి వల్ల అని ఆ క్షణంలోనే ఒక హేతువు కూడా వెతుక్కున్నారు.

అలా పిల్లల ఔషధ ఆధార నిర్ణయ సంఘం ఏర్పడింది. సభ్యులు ముగ్గురు. అధ్యక్షులు పరబ్రహ్మంగారు, ఉపాధ్యక్షులు జలంధరరావుగారు, మూడో సభ్యుడు ఆసుపత్రి ప్రధాన గుమస్తా పేరయ్య. నియమావళిని పరబ్రహ్మంగారు తొమ్మిది రోజులు కూర్చుని రాశారు. మూడో నియమం ప్రకారం ముగ్గురి సంతకాలూ ఉంటేనే ఏ పిల్లకైనా మందు. పదకొండో నియమం ప్రకారం సభ్యుని బంధువులు రోగులైతే ఆ సభ్యుడు సంతకం చేయరాదు, నిష్పాక్షికత ముఖ్యం. కానీ ఆయన ప్రాణం పెట్టి రాసింది ఆరో నియమం: "సమర్థతకును, అవసరమునకును ఆధారమున్న పదార్థమే ఔషధము. ఆధారము లేనిది ఔషధము కాదు. ఔషధము కానిదానికి ఈ నియమావళి వర్తించదు."

ఆ చివరి వాక్యం వీరాచారిని ఉద్దేశించినది. వీరాచారి ఆసుపత్రి గేటు బయట నీలం పట్టా కింద కూర్చుని నలభై ఏళ్లుగా దారాలు కట్టి, విభూతి పొట్లాలు ఇచ్చే మనిషి. పరబ్రహ్మంగారు ఆయనతో నాలుగుసార్లు బహిరంగ చర్చ చేశారు. నాలుగుసార్లూ తానే గెలిచానని ఇద్దరికీ గట్టి నమ్మకం.

ఆ వాక్యం రాసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివి ఆయన తనలో తాను నవ్వుకుంటుంటే సుభద్రమ్మగారు వంటింట్లోంచి తొంగిచూశారు.

"ఏంటండీ, ఒక్కరే నవ్వుకుంటన్నారు?"

"వీరాచారిని శాస్త్రం పరిధిలోంచే వెలివేశానోయ్. వాడి బూడిదను మందుల జాబితాలో నిషేధించాల్సిన గౌరవం కూడా ఇవ్వలేదు."

"వెలేస్తే ఎక్కడికెళ్తాడండీ, గేటు బయటే కదా కూర్చునేది," అని ఆవిడ పోపు వేసుకోవడానికి వెళ్లిపోయారు.

సంఘం పని మొదలైంది. ప్రతి పిల్లకూ నలభై ఆరు గళ్ల దరఖాస్తు. గొంతులోంచి తీసిన నమూనా నగరంలోని ప్రయోగశాలకు వెళ్లి, ఫలితం పదకొండో రోజున తిరిగి వస్తుంది. మామూలు ఫ్లూ ఏడో రోజుకే దారి చూసుకుంటుంది. అందువల్ల పదకొండో రోజున సంఘం సమావేశమై, కాగితం చూసి, పిల్లను చూసి, పిల్ల బాగానే ఉన్నది కనుక మందు అవసరమునకు ఆధారము లేదని ఏకగ్రీవంగా తీర్మానించేది. మొదటి నెలలో దరఖాస్తులు నాలుగు వందల పన్నెండు, తిరస్కరణలు నాలుగు వందల పన్నెండు, మరణాలు సున్నా. జలంధరరావుగారు ఆ సున్నాను పెద్దదిగా అచ్చువేయించి ఆసుపత్రి ముఖద్వారానికి తగిలించారు. జిల్లాలోని మందుల దుకాణాలన్నింటిలోనూ పిల్లల మందుల అరలకు సంఘం ముద్రతో పట్టీలు అంటించి, వాటిమీద పరబ్రహ్మంగారి ఫొటో కూడా వేశారు. ఫొటోలో ఆయన చూపుడువేలు ఎత్తి ఉన్నారు.

ఒకనాటి ఉదయం ఆయన పర్యవేక్షణకు వెళ్లేసరికి పదిహేడో గడి పూరింపు జరుగుతున్నది. ఆ గడి పేరు: "దగ్గు – అధికారి సమక్షమున ధ్రువీకరించబడినది / బడలేదు." పేరయ్య కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఒక తల్లి చంకలోని కొడుకును కుదుపుతున్నది.

"దగ్గరా నాన్నా. సారుగారికి ఒక్కసారి దగ్గి చూపించరా. నా బంగారం కదూ!"

బంగారం నోరు తెరిచి పైనున్న ఫ్యానును చూస్తున్నాడు.

"ధ్రువీకరించబడలేదు," అన్నాడు పేరయ్య.

"అయ్యగారండీ, తెల్లార్లూ దగ్గాడండి! కావాలంటే మా పక్కింటోళ్లని అడగండి!"

"పక్కింటివారి వాంగ్మూలం నలభై మూడో గడిలో, ఇద్దరు సాక్షుల సంతకాలతో. తర్వాత!"

ఆమె గుమ్మం దాటిందో లేదో పిల్లవాడు గోడలదిరేలా దగ్గాడు. ఆమె ఆశగా వెనక్కి తిరిగింది. పేరయ్య తల అడ్డంగా ఊపాడు. "గది బయటి దగ్గు మన పరిధిలోకి రాదమ్మా."

పరబ్రహ్మంగారికి ఆ క్షణంలో ఎక్కడో ఏదో గుచ్చుకున్నమాట నిజం. కానీ కొలతలో కచ్చితత్వం కావాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అని సమాధానపడ్డారు. ఆ తర్వాతి వారానికల్లా పేరయ్య తల కనబడితే చాలు, వరసలోని పిల్లలందరూ ఒకేసారి దగ్గడం నేర్చారు. దాన్ని ఆయన నివేదికలో ప్రజా చైతన్యం కింద రాసుకున్నారు.

పిల్లల వార్డు హెడ్ నర్సు ఎస్తేరమ్మ ఆయనను వరండాలో ఆపింది ఆ రోజుల్లోనే. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. తెల్ల కోటుమీద తలకిందులుగా వేలాడే చిన్న గడియారం ఒకటి ఆమెకు ఎప్పుడూ ఉండేది.

"మాస్టారండీ, ఆ కాగితంలో ఒక్క గడి వేయించండి సార్. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటందో, అదొక్కటేనండి. ఏడాది దాటిన పిల్లలకి నలభై దాటిందంటే ఊపిరితిత్తులకి పట్టినట్టే. వందలో నాలుగైదు మందికి అలా అవుద్దండి. ఆళ్లకి మీరు వద్దన్న ఆ యాంటీబయాటిక్కే కావాలండి. పదకొండో రోజున కాదండి, ఆ పూటే కావాలి."

"లెక్క ఎవరు పెడతారు సిస్టర్?"

"నేనేనండి. గడియారం ఉందిగా."

పరబ్రహ్మంగారు తరగతి గదిలో నవ్వినట్టు నవ్వారు. "అదే చిక్కు. కంటితో చూసి ఒక మనిషి పెట్టిన లెక్క వ్యక్తినిష్ఠం అవుతుంది. మీకు యాభై వస్తుంది, ఇంకొకరికి ఇంకోటి వస్తుంది. శాస్త్రంలో కొలిచే మనిషిని బట్టి కొలత మారకూడదమ్మా."

"మారితే ఒకటో రెండో మారుద్దండి మాస్టారూ. ముప్పై కాస్తా యాభై అయిపోదు కదండీ."

"పైగా దరఖాస్తులు ఇరవై వేలు అచ్చయిపోయాయి," అన్నారాయన. అది అంత శాస్త్రీయమైన కారణం కాదని ఆయనకే తోచి, "పరిశీలిస్తాం," అని కలిపారు.

ఆ తర్వాత ఎస్తేరమ్మ ఆ గడి సంగతి ఎత్తలేదు. వాదనలో తానే గెలిచినట్టు ఆయన భావించారు.

ఇటు తిరస్కరణలు పెరిగేకొద్దీ అటు గేటు దగ్గర వీరాచారి పట్టా కింద జనం పెరిగారు. లోపల ఏమీ దొరకని తల్లి ఉత్త చేతులతో ఇంటికి పోలేక, బయట ఒక పొట్లమైనా పట్టుకుపోయేది. చివరికి అంబులెన్సు లోపలికి రాలేని పరిస్థితి ఏర్పడి, సంఘం అత్యవసరంగా సమావేశమైంది. వీరాచారిని తక్షణం తొలగించాలని పరబ్రహ్మంగారు ప్రతిపాదించారు.

జలంధరరావుగారు నియమావళి తెరిచి, ఆరో నియమం దగ్గర వేలు పెట్టారు.

"తమరే సెలవిచ్చారు మాస్టారూ. విభూతికి ఆధారం లేదు, కనుక ఔషధం కాదు, కనుక మన నియమావళి వర్తించదు. అధికారం లేనిచోట ఆటంకపరచడం అధికార దుర్వినియోగం కిందికి వస్తుంది. అయితే రోగుల సౌకర్యార్థం క్రమబద్ధీకరించడానికి అభ్యంతరం ఉండదు."

క్రమబద్ధీకరించారు. పిల్లల మందులు ఇచ్చే తొమ్మిదో నంబరు కిటికీ రెండు నెలలుగా పని లేక మూతబడి ఉంది. దానిమీద "ఔషధేతర వితరణ విభాగం" అని బోర్డు రాయించి, వీరాచారిని అందులో కూర్చోబెట్టారు. అంతటితో ఆగక, గిడ్డంగిలో కదలకుండా పడివున్న పిల్లల మందుల పెట్టెలను చూసి జలంధరరావుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. అవసరం రుజువు కాలేదు కనుక ఆరో నియమం ప్రకారం అవీ ఔషధాలు కావు; ఔషధం కానిది ఔషధాల గిడ్డంగిలో ఉండరాదు. పెట్టెలన్నీ తొమ్మిదో కిటికీ వెనకాలి బీరువాలోకి చేరాయి. తాళంచెవి హెడ్ నర్సు అధీనంలో ఉంచారు.

మర్నాడు పరబ్రహ్మంగారు అటుగా వెళ్తుంటే కిటికీలోంచి వీరాచారి నమస్కారం పెట్టాడు.

"నలభై ఏళ్లు ఎండలో కూర్చున్నానండి మాస్టారూ. మీ పుణ్యమా అని ఫ్యాను కిందకొచ్చాను. ఈ మేలు మర్చిపోనండి."

"నా ఉద్దేశం అది కాదు ఆచారీ."

"దేవుడి సంగతీ అంతేనండి. ఉద్దేశాలు మనకి తెలవ్వు, జరిగేదే తెలుస్తది."

పరబ్రహ్మంగారు సమాధానం కోసం ఇంటిదాకా ఆలోచించుకుంటూ నడిచారు. ఇంటికి చేరాక దొరికింది గాని, తిరిగి వెళ్లి చెప్పేంత బాగా లేదు.

ఫ్లూ రెండో విడత వచ్చినప్పుడు తారకకు మళ్లీ జ్వరం తగిలింది. ఈసారి తాతగారు తొణకలేదు. గోరువెచ్చని నీళ్లు, ఇడ్లీ, జ్వరం మందు. అయిదో రోజుకు జ్వరం తగ్గింది. "చూశావా!" అన్నారాయన భార్యతో. ఆరో రోజు మధ్యాహ్నం అది మళ్లీ, ముందుకంటే ఎక్కువగా వచ్చింది. ఏడో రోజు ఉదయం తారక ఇడ్లీ వద్దంది. నీళ్లూ వద్దంది. తొమ్మిది గంటల దాకా ఒక్కసారి కూడా "ఎందుకు?" అని అడగలేదు.

ఆ లెక్క సున్నాకు వచ్చినట్టు గమనించగానే పరబ్రహ్మంగారు లేచి నిలబడ్డారు. పిల్లను భుజాన వేసుకుని, చెప్పులు కూడా మరచి ఆటో ఎక్కారు.

ఎస్తేరమ్మ పిల్ల గౌను పైకెత్తి, డొక్కలు చూసి, ఇంకేమీ అడగకుండా కోటుమీది గడియారం చేతిలోకి తీసుకుంది. పరబ్రహ్మంగారు కూడా తన చేతి గడియారం వైపు చూశారు. నిమిషం గడిచింది. ఆయన జీవితంలో అంత పొడవైన నిమిషం ఏ ప్రయోగంలోనూ ఎదురుకాలేదు.

"యాభై ఆరండి," అందామె.

"నాకు... యాభై అయిదు," అన్నారాయన.

"ఒకటి తేడా వచ్చిందండి మాస్టారూ." ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే ఆయనకు కొంత సుఖంగా ఉండేది.

ఆయన పేరయ్య గదికి పరుగెత్తారు. పేరయ్య లేచి నిలబడి, కుర్చీ వేసి, నలభై ఆరు గళ్ల కాగితం ముందుంచాడు.

"పేరయ్యా, ఇదంతా తర్వాత. మందు ఈ పూటే పడాలి. నేను సంతకం పెడతాను."

"తమరు పెట్టకూడదండి. పదకొండో నియమం, బంధువులండి."

"సరే, మీరిద్దరూ పెట్టండి."

"ముగ్గురివీ లేకపోతే చెల్లదండి. మూడో నియమం." పేరయ్య కళ్లలో నిజమైన భక్తి మెరిసింది. "ఎక్కడా సందు లేకుండా రాశారండి! ఇన్నేళ్ల సర్వీసులో ఇంత గట్టి నియమావళి చూడలేదండి."

జలంధరరావుగారికి ఫోను చేశారు. ఆయన విని, గద్గదస్వరంతో అన్నారు: "స్వంత కుటుంబాన్నే నియమావళి ముందు నిలబెట్టిన అధ్యక్షులుగా తమరు చరిత్రలో—"

"చరిత్ర వద్దండీ! మందు కావాలి. పిల్ల ఎగశ్వాస తీస్తోంది. నేను కళ్లారా చూశాను."

"మాస్టారూ, తమరి లేఖ ఈమధ్యనే పూర్తిగా చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం నన్ను కదిలించింది. ‘ఇంటిలోని పెద్దల ఆందోళన ఔషధమునకు ఆధారము కానేరదు.’"

ఫోను పెట్టేసి ఆసుపత్రి ఎదుటి మందుల దుకాణానికి పోయారు. దుకాణదారు అరకు అంటించిన పట్టీని, దానిమీద వేలెత్తి హెచ్చరిస్తున్న ఫొటోను, ఎదుట నిలబడి చేతులు జోడిస్తున్న మనిషిని మార్చిమార్చి చూశాడు. "చింపితే లైసెన్సు పోద్దండి మాస్టారూ. జిల్లా అంతా ఇదే కతండి," అన్నాడు. అల్లుడు కారు మాట్లాడుకుని వచ్చి పిల్లను పక్క జిల్లాకు చేర్చేసరికి సాయంత్రం అవుతుంది.

వార్డుకు తిరిగి వచ్చేసరికి ఎస్తేరమ్మ తారక చేతికి ఎర్రదారం కట్టి, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పట్టుకుని ఉంది.

"తొమ్మిదో కిటికీకి వెళ్లండి సార్."

"నేనా? సిస్టర్, ఈ సమయంలో మీరు నన్ను బూడిద—"

"ఒక్క మాట వినండి. పాప రిపోర్టు రాలేదు కదండీ. అంటే అవసరానికి ఆధారం లేదు. ఆధారం లేకపోతే మందు కాదు. మందు కాకపోతే మీ రూలు తగలదు, తొమ్మిదో కిటికీలో ఇవ్వచ్చు. ఆరో నియమమండి. బీరువా తాళం నా దగ్గరే ఉంది." ఆమె గొట్టం సర్దింది. "బాగా రాశారండి ఆ నియమం. వెళ్లండి. లైన్లోనే నిలబడండి, పేరయ్యగారు చూస్తారు."

పరబ్రహ్మంగారు వరసలో పద్నాలుగోవారుగా నిలబడ్డారు. ముందున్న పదమూడుగురూ ఆయన పూర్వ విద్యార్థులో, వారి తల్లులో. ఎవరూ ఆశ్చర్యపడలేదు. కష్టం వస్తే ఎవరైనా వస్తారన్నట్టు జరిగి చోటిచ్చారు. ఆశ్చర్యపడితేనే బాగుండేదనిపించింది ఆయనకు.

వీరాచారి ఆయనను చూసి నవ్వలేదు. "చెయ్యి చాపండి మాస్టారూ," అని దారం తీశాడు.

"దారం పిల్లకు కట్టారుగా?"

"తెచ్చినోళ్లకి కూడా కట్టాలండి. లేకపోతే నమ్మకంగా వెయ్యరు, మూడోరోజుకి మానేస్తారు." కట్టి, ఎర్ర కాగితపు పొట్లం చేతిలో పెట్టాడు. పైన వేలెడు విభూతి. దాని కింద రేకులో పది బిళ్లలు. "పొద్దునొకటి, సాయంత్రమొకటి. నీళ్లలో కరిగించి తాగించాలి. అయిదు రోజులు. నెమ్మదించింది కదా అని మధ్యలో ఆపేశారో, దోషం తిరగబెడతది. ఈసారి మొండిదై వస్తది, ఇక దేనికీ లొంగదు."

యాంటీబయాటిక్కులు మధ్యలో మానితే జరిగే అనర్థం గురించి పరబ్రహ్మంగారు ఇరవై ఏళ్లుగా ఉపన్యసించారు. విన్నవారిలో ఒక్కరూ పాటించినట్టు దాఖలా లేదు. వీరాచారి చెప్పినదాంట్లో సిద్ధాంతపరంగా ఆయనకు లోపం కనబడలేదు.

"ఆచారీ," ఆయన గొంతు తగ్గించారు, "ఇందులో ఏముందో నీకు తెలుసా?"

"నాకెందుకండీ? సిస్టరుగారు గడియారం చూసి ఎర్రదారం కట్టిన పిల్లలకి ఎర్ర పొట్లం. నల్లదారానికి తెల్ల పొట్లం. తెల్ల పొట్లంలో ఉత్త బూడిదేనండి. గేటు బయట పట్టా కింద ఉన్నప్పట్నించీ ఇదే పద్ధతండి, అప్పుడు ఎర్ర పొట్లాలు సిస్టరుగారే కట్టి పంపేవారు."

"బూడిదేనని నువ్వే అంటున్నావా!"

"కిటికీలో మీ తలకాయొక్కటే పట్టుద్ది, ఇంకెవరికీ వినబడదు కాబట్టి అంటన్నానండి. సభలో అననండి." వీరాచారి వెనకాల గోడమీద బొగ్గుతో గీసిన గీతలకు ఒకటి చేర్చాడు. "మీ పాపతో ఎర్రదారాలు యాభై ఎనిమిదండి."

పరబ్రహ్మంగారు తలెత్తి ముఖద్వారం వైపు చూశారు. అక్కడ, తాను రోజూ గర్వంగా చూసుకునే ఆ పెద్ద సున్నా గాలికి ఊగుతున్నది. అది తన నియమావళి సాధించినది కాదనీ, ఒక నర్సు కోటుమీది గడియారంలోంచి వచ్చినదనీ ఆయనకు అప్పుడు తెలిసింది. తాను వద్దన్న గడిని ఆమె కాగితంమీద కాక దారంలో వేసుకున్నది.

మూడోనాటికి తారక జ్వరం తగ్గి లేచి కూర్చుని, తాత మణికట్టు పట్టుకుని చూసింది.

"తాతా, నీకు దారం ఎందుకు?"

ముప్పై నాలుగేళ్లపాటు ప్రశ్న అడిగితే చాలు పొంగిపోయిన ఆ మనిషి, మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చొక్కా చేతిని కిందికి దింపుకున్నారు. దారం మాత్రం తెంపలేదు. ఇంకా రెండు రోజుల బిళ్లలు మిగిలి ఉన్నాయి.

ఆ నెలాఖరున సంఘానికి సన్మానసభ జరిగింది. వేదికమీద పరబ్రహ్మంగారికీ, ఔషధేతర విభాగ బాధ్యులుగా వీరాచారికీ పక్కపక్కనే కుర్చీలు వేశారు. ఎస్తేరమ్మ హాలు చివర గోడకు ఆనుకుని నిలబడింది. జలంధరరావుగారు నివేదిక అందుకున్నారు.

"సభకు ఒక చారిత్రక సత్యాన్ని నివేదిస్తున్నాను. తొమ్మిదో కిటికీలో ఎర్ర పొట్లం పొందిన అరవై ముగ్గురు పిల్లలలో అరవై ముగ్గురూ కోలుకున్నారు. అనగా విభూతి సమర్థతకు ఆధారం లభించింది. ఆరో నియమం ప్రకారం ఆధారం లభించిన పదార్థం ఔషధం. కావున రేపటినుంచి ఎర్ర పొట్లం మన సంఘ పరిధిలోకి వస్తుంది! నలభై ఆరు గళ్ల దరఖాస్తు, ప్రయోగశాల ఫలితం, ముగ్గురి సంతకాలు ఉంటేనే వితరణ జరుగుతుంది."

చప్పట్లు మోగాయి. ఎస్తేరమ్మ చేయి కోటుమీది గడియారం మీదికి పోయి అక్కడే ఆగిపోవడం పరబ్రహ్మంగారు వేదికమీదనుంచి చూశారు. ఆ ఉదయం వార్డులో ఇద్దరు పిల్లలకు ఎర్రదారం కట్టి ఉంది.

"మాస్టారూ," వీరాచారి పెదవులు కదపకుండా అన్నాడు, "నన్ను తిట్టండి."

"ఏమిటి?"

"ఎప్పుడూ తిట్టేదేనండి. గట్టిగా తిట్టండి. నాది బూడిదని చెప్పండి. మీరు చెప్తే నమ్ముతాడాయన."

అధ్యక్షోపన్యాసానికి పిలుపు వచ్చింది. పరబ్రహ్మంగారు లేచి మైకు దగ్గరికి నడిచారు. ఏది ఏమైనా సత్యం చెప్పితీరాలన్నది ఆయన జీవిత సూత్రం. పొట్లంలో ఉన్నదేమిటో చెబితే ఎస్తేరమ్మ ఉద్యోగం ఆ సాయంత్రమే పోతుంది, బీరువాకు సీలు పడుతుంది. సత్యానికి అవతలి కొసన ఎవరున్నారో ఆయన అంతకుముందెన్నడూ చూడలేదు. ఆ రోజు చూశారు. అక్కడ ఇద్దరు పిల్లలు ఎగశ్వాస తీస్తున్నారు.

"విభూతి బూడిద!" అని గర్జించారాయన. "కొంత సున్నం, కొంత పొటాష్, మిగిలింది మసి. అది ఏ క్రిమినీ చంపదు, ఏ ఊపిరితిత్తినీ బాగుచేయదు. అరవై ముగ్గురు కోలుకున్నంత మాత్రాన కారణం విభూతేనని ఎలా చెబుతారు? విభూతి ఇవ్వని అరవై ముగ్గురితో పోల్చారా? వాళ్ల కడుపులో ఇంకేం పడిందో విచారించారా? లేదు! ఇది ఆధారం కాదు, ఆధారానికి అవమానం!"

నలభై ఏళ్లుగా చేస్తున్న ఉపన్యాసమే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా పరీక్షలో చీటీ చూసి రాస్తున్న విద్యార్థిలా ఆయనకు చెమటలు పట్టాయి. తడిసిన చొక్కా చేతికి ఎర్రదారం అంటుకుని కనబడుతున్నదేమోనని చేయి వెనక్కి దాచుకున్నారు.

ఇంతలో వీరాచారి కుర్చీలోంచి లేచి, సన్మానపు శాలువా తీసి మడత పెట్టి, సభకు దండం పెట్టాడు. "మాస్టారు చెప్పిందే నిజమండి. ఉత్త బూడిదండి. నలభై ఏళ్లుగా ఆయన చెప్తానే ఉన్నారండి, నేనే ఒప్పుకోలేదు."

ఆ మనిషి ఆ మాటను సభలో అననన్నాడు. పరబ్రహ్మంగారికి అది గుర్తుకొచ్చింది. నలభై ఏళ్లుగా తాను కోరుకున్న విజయం అదే. చేతికందాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జలంధరరావుగారు కలవరపడి కలం తీశారు. "అయితే మాస్టారూ, ఆధారం లేనట్టేనా?"

"బొత్తిగా లేదు."

"లేకపోతే ఔషధం కాదు."

"కానే కాదు."

"కాకపోతే మన పరిధిలోకి రాదు," అని ఆయన బరువుగా నిట్టూర్చి, నివేదికలో రెండు వాక్యాలు కొట్టివేశారు. తొమ్మిదో కిటికీ ఎప్పటిలాగే కొనసాగుతుందని తీర్మానించారు. దరఖాస్తులో ఊపిరి లెక్కకు ఒక గడి చేర్చాలన్న అధ్యక్షులవారి కొత్త ప్రతిపాదనను మాత్రం, అచ్చయిన ఇరవై వేల కాగితాలు అయిపోయాక పరిశీలించడానికి వాయిదా వేశారు.

మర్నాడు పొద్దున్నే పరబ్రహ్మంగారు పిల్లల వార్డుకు పోయి ఎస్తేరమ్మ ముందు నిలబడ్డారు.

"సిస్టర్, నా లెక్క మీ లెక్కకు ఒకటి తక్కువ వచ్చింది. నేర్పుతారా?"

ఆమె ఆయనను ఎగాదిగా చూసింది. "చొక్కా పైకెత్తి పొట్ట చూడాలండి, మొహం కాదు. పిల్ల ఏడుస్తుంటే లెక్కపెట్టకూడదు, ఊరుకునేదాకా ఆగాలి. నిమిషం పూర్తిగా పెట్టాలి, సగం పెట్టి రెట్టింపు చెయ్యకూడదు," అని చెప్పి, గుప్పెడు ఎర్రదారాలు ఆయన చేతిలో పోసింది.

అప్పటినుంచి తొమ్మిదో కిటికీ పక్కన ఒక బల్ల వేసుకుని ఆయన రోజూ కూర్చుంటున్నారు. తల్లులు వరసగా పిల్లలను తెస్తారు. ఆయన గడియారం వంక ఒక కన్ను, పిల్ల పొట్ట వంక ఒక కన్ను వేసి, పెదవులు సన్నగా కదుపుతూ లెక్కపెడతారు. నిమిషం కాగానే కొందరికి నల్లదారం, కొందరికి ఎర్రదారం కడతారు. పరబ్రహ్మంగారు మంత్రం వేస్తే తిరుగులేదని రేవుమెరకలో పేరు పాకింది. చుట్టుపక్కల ఊళ్లనుంచి కూడా వస్తున్నారు. మొన్న ఒక ముసలావిడ మనవణ్ణి ఆయన ముందు కూర్చోబెట్టి, కదులుతున్న ఆయన పెదవులవైపు భక్తిగా చూస్తూ, "ఏ మంత్రం సామీ అది?" అని అడిగింది.

ఆయన ఖండించలేదు. అప్పటికి ముప్పై ఎనిమిదిలో ఉన్నారు. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది.